మీ ఇంటికి నెలకు ఎంత చాలు? లెక్క కట్టి అంతలో బతకడం ఎలా

డబ్బు వెనక పరుగెత్తకూడదు అనుకోవడం తేలిక. జీతం పదివేలు పెరిగిన నెలలోనే కొత్త ఫోనో, ఇంకాస్త పెద్ద ఇల్లో కావాలనిపిస్తుంది. ఇందులో ఆశ ఒక్కదాన్నే తప్పు పట్టి లాభం లేదు. ఎక్కడ ఆగాలో అంకె రాసి పెట్టుకోకపోతే ఎంత వచ్చినా తక్కువగానే కనిపిస్తుంది. అందుకే ముందు అంకె. మిగతా పనులన్నీ దాని వెంట వస్తాయి.

ఇది నెలజీతం మీద బతికే కుటుంబానికి రాసింది. వ్యవసాయం, వ్యాపారం చేసేవాళ్లు ఏడాది ఆదాయం తీసుకుని పన్నెండుతో భాగించుకుంటే సరిపోతుంది. ఒక మాట ముందే చెప్పాలి. వచ్చే డబ్బు తిండికీ అద్దెకే సరిపోని ఇంటికి ‘సాదాగా బతకండి’ అని చెప్పడం అన్యాయం. వాళ్లకు కావాల్సింది ఆదాయం, పొదుపు పాఠాలు కాదు.

1. మూడు నెలల పద్దు బయటికి తీయండి

బ్యాంకు నుంచి మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి ప్రింట్ వేయండి. ఫోన్‌లో చూస్తే వేలు గబగబా కిందికి పోతుంది, ఏదీ కంటికి ఆనదు. పెన్సిల్ పట్టుకుని ఒక్కో వరుస పక్కన ఒక్కో గుర్తు పెట్టండి:

ఇ – ఇల్లు నడవడానికి తప్పనివి: అద్దె, బియ్యం, పాలు, కరెంటు, మందులు.
మా – మాట ఇచ్చేసినవి: ఈఎంఐ, చీటీ, బీమా.
న – నలుగురి కోసం పెట్టినవి: చదివింపులు, ఫంక్షన్ బట్టలు, పార్టీలు.
స – మన సరదా.

ఎందుకు పెట్టారో గుర్తురాని వాటికి ప్రశ్నార్థకం వేయండి. ఏటీఎంలో తీసిన నగదు, వందా రెండొందల ఫోన్‌పేలు ఎక్కువగా ఈ గుర్తు కిందే చేరతాయి. ‘స’ దగ్గర పడే కోత కంటే ఈ ప్రశ్నార్థకాల దగ్గర పడే కోత పెద్దది, పైగా నొప్పి ఉండదు. గుర్తే లేని ఖర్చు మానేస్తే పోయేదేముంది?

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే: మార్చి, ఏప్రిల్ నెలలు చూసి ‘మన ఖర్చు ఇంతే’ అనుకుంటారు. సాధారణంగా జూన్ 12న బడులు తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు ఒక్కసారిగా మీద పడతాయి. ఆ వెనకే శ్రావణం, పెళ్లిళ్లు. తర్వాత దసరా, దీపావళి, సంక్రాంతికి ఊరెళ్లే ఖర్చు. ఏడాదికోసారి వచ్చేవన్నీ విడిగా ఒక కాగితం మీద రాయకపోతే ప్రతి జూన్‌లోనూ అప్పు చేయాల్సి వస్తుంది. ఇదేదో అనుకోకుండా వచ్చిపడిన ఖర్చు అని కూడా అనిపిస్తుంది.

2. అంకె కట్టండి

విజయవాడలో అద్దె ఇంట్లో ఉండే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు అనుకుందాం. నెల ఖర్చులు: అద్దె 13,000, బియ్యం-కిరాణా 8,000, పాలు-కూరలు 6,000, కరెంటు-గ్యాస్-ఫోన్లు-నెట్ 3,500, పెట్రోలు 2,500, పనిమనిషి 2,000, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది 3,000. మొత్తం 38,000.

ఏడాది ఖర్చులు: ఇద్దరి ఫీజులు 84,000, ఆరోగ్య బీమా-టర్మ్ బీమా (సంపాదించే మనిషి పోతే ఇంటికి డబ్బు వచ్చేది) 36,000, పండగ బట్టలు 20,000, చదివింపులు 20,000, ఊరి ప్రయాణాలు 14,000, బండి ఇన్సూరెన్స్-సర్వీసింగ్ 6,000. మొత్తం 1,80,000, అంటే నెలకు 15,000.

రెండూ కలిపితే 53,000. దాని మీద పదోవంతు సర్దుబాటు వేస్తే దాదాపు 58,000. ఈ ఇంటికి ఇదే అంకె. మీ అంకెలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే.

పదోవంతు సర్దుబాటు తప్పనిసరి. అది లేకుండా బిగించి కట్టిన అంకె రెండో నెలలోనే తెగుతుంది. తెగగానే ‘ఇవన్నీ మనవల్ల అయ్యేవి కావు’ అని కాగితం పక్కన పడేస్తారు.

తర్వాత ఇంకో బ్యాంకు ఖాతా తెరవండి. జీతం పడ్డ రోజునే ఏడాది ఖర్చుల 15,000 అందులోకి వెళ్లిపోయేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఆ ఖాతాకు యూపీఐ తగిలించవద్దు, డెబిట్ కార్డు బీరువాలో పెట్టండి. ఇక జూన్ వచ్చినా ఫీజు డబ్బు అక్కడ ఉంటుంది.

జీతం 72,000 అయితే 58,000 పోను 14,000 మిగులు. జీతం 82,000 అయినా అంకె 58,000 దగ్గరే ఉంటుంది, పెరిగిన పదివేలూ మిగులులోకి పోతాయి. ఈ ఒక్క నియమం నిలబడితే మిగతా సగం పని అయినట్టే.

3. అప్పులు, వడ్డీ ఎక్కువున్న వరుసలో

ముందు క్రెడిట్ కార్డు. ‘మినిమమ్ డ్యూ (ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తం) కట్టేశాం కదా’ అనే ధీమాతోనే ఇళ్లు మునుగుతాయి. బాకీ 40,000 ఉందనుకోండి, నెలకు 3.5 శాతం వడ్డీ. వడ్డీ 1,400, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 252, కలిపి 1,652. కనీస మొత్తం బాకీలో 5 శాతం అనుకుంటే మీరు కట్టింది 2,000. అసలులో తగ్గింది 348 రూపాయలు! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా గీకిన ప్రతి దానికీ గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. కాబట్టి బాకీ పూర్తిగా తీరేవరకు ఆ కార్డు ఇంట్లోనే ఉండాలి. షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు వివరాలు కూడా తీసేయండి.

తర్వాత నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. ‘రెండు రూపాయలే కదా’ అంటాం. ఏడాదికి అది 24 శాతం, లక్షకు నెలనెలా 2,000. బీరువాలో వాడని నగలు పెట్టుకుని ఈ వడ్డీ మోయడంలో అర్థం లేదు. బ్యాంకులో 10 శాతం దగ్గర బంగారం తాకట్టు పెట్టి చేబదుళ్లు తీర్చేస్తే వడ్డీ సగానికి పైగా పడిపోతుంది. ఇందులోనూ ఓ గొయ్యి ఉంది. చాలా బంగారం లోన్లలో నెలనెలా కట్టమని ఎవరూ అడగరు, ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి అడుగుతారు. చాలామంది అప్పుడు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటారు, ఏళ్ల తరబడి అలాగే నడుస్తుంది. అందుకే తాకట్టు పెట్టిన నెల నుంచే అసలులో ఎంతో కొంత కడుతూ ఉండండి.

ఇంటి లోను ఆఖర్లో. తొందరేం లేదు, కానీ దాని లెక్క తెలుసుకుని ఉండండి. 30 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 26,000. చివరికి కట్టేది 62 లక్షలు దాటుతుంది. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కడితే దాదాపు మూడున్నరేళ్లు ముందే తీరిపోతుంది. ఫ్లోటింగ్ వడ్డీ (కాలాన్ని బట్టి మారే వడ్డీ) మీద తీసుకున్న ఇంటి లోనుకు ముందుగా కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. అదనంగా కట్టేటప్పుడు ‘ఈఎంఐ తగ్గించకండి, గడువు తగ్గించండి’ అని రాసివ్వాలి. ఈఎంఐ తగ్గితే చేతిలో మిగిలిన చిల్లర ఖర్చైపోతుంది, గడువు కదలదు.

4. ఆపద నిధి

జీతం ఆగినా ఇల్లు నడవడానికి ఆరు నెలల ఖర్చు విడిగా దాచి పెట్టుకోవాలి. ఈ ఉదాహరణలో 53,000 చొప్పున ఆరు నెలలకు 3,18,000. ఒక నెలలో కూడదు, ఏడాదిన్నర రెండేళ్లు పట్టినా పరవాలేదు. దాన్ని ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయవద్దు. లక్ష చొప్పున మూడు వేస్తే, అవసరం పడ్డప్పుడు ఒకటి చెరిపితే చాలు, మిగతా రెండింటి వడ్డీ పోదు. ఒక బ్యాంకులో ఒక డిపాజిటర్‌కు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది కాబట్టి ఈ పాటి సొమ్ముకు భయం లేదు.

చీటీని ఆపద నిధి అనుకోవద్దు. అవసరం ఈ నెల వస్తే పాట ఎంతకు పోతుందో మీ చేతిలో లేదు. ముందుగా పాడుకున్నారంటే ఖరీదైన అప్పు తీసుకున్నట్టే. రిజిస్టర్ అయిన చిట్‌లో కూడా నిర్వాహకుడి కమిషన్ 7 శాతం వరకు ఉండొచ్చు. పరిచయస్తులు కాగితాల మీద నడిపే చీటీ అయితే అది మునిగిన రోజు చూపించడానికి మీ దగ్గర రసీదు కూడా ఉండదు.

ఆరోగ్య బీమా గురించి వాదన అనవసరం, ఉండాలి. ఎంత నిరాడంబరంగా బతికిన ఇంటినైనా వారం రోజుల ఐసీయూ పదేళ్లు వెనక్కి నెట్టగలదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ మీకు వర్తిస్తాయో లేదో ముందే చూసి పెట్టుకోండి, ఆస్పత్రి మెట్ల మీద కాదు. రోజూ వాడే బీపీ, షుగర్ మాత్రలకు కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని డాక్టరును అడిగి జన ఔషధి కేంద్రంలో కొంటే బిల్లు బాగా తగ్గుతుంది.

5. కారిపోయే చోట్లు

యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ అనే చోటు తెరవండి. ఎప్పుడో ఉచితంగా నెల రోజులు చూద్దామని ఒప్పుకున్న ఓటీటీ, జిమ్ యాప్, పిల్లల చదువు యాప్ అక్కడ కూర్చుని ఉంటాయి. డబ్బు తీసే ముందు రోజు మెసేజ్ వస్తుంది. ప్రకటనల మెసేజ్‌ల మధ్య దాన్ని ఎవరూ చూడరు. యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు, ఇక్కడికొచ్చి రద్దు చేయాలి.

రెండు వేలు దాటిన వస్తువేదైనా సరే, ఫ్రిజ్ మీద కాగితంలో తేదీ వేసి రాయండి. ముప్పై రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే కొనండి. తగ్గింపు ఈ రాత్రితో అయిపోతుందంటారు, అవ్వనివ్వండి. మళ్లీ పండక్కి మళ్లీ వస్తుంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ, నగదుకు ఇచ్చే తగ్గింపు పోవడం, ఈ మూడూ చూసుకోండి. అప్పుడు అది ఎంత ‘నో కాస్టో’ తెలుస్తుంది.

కూరలకు రైతు బజారు దగ్గరుంటే వారానికి రెండుసార్లు ఉదయాన్నే వెళ్లండి. ధరల బోర్డు ఉంటుంది, తూకం నమ్మొచ్చు. ఏది కొనాలో ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్లకుండా, అక్కడ ఏది కుప్పలుగా ఉందో దాన్ని బట్టి వారం వంట అనుకోండి. బియ్యం నలుగురికి నెలకు ఒక బస్తా, అటూ ఇటుగా. (25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ల మీద 2022లో జీఎస్టీ వచ్చాక మిల్లర్లు 26 కిలోల బస్తా చేశారు; కిలో ధర పోల్చేటప్పుడు ఇది మరిచిపోకండి.) చవగ్గా దొరికాయని నాలుగు బస్తాలు ఒకేసారి కొంటే వానాకాలంలో పురుగు పడుతుంది. అప్పుడు ఎండలో ఆరబోస్తే గింజ పగిలి నూకవుతుంది. నీడలో ఆరబోసి, చెరిగి, ఎండిన వేపాకు వేసి మూత గట్టి డబ్బాలో పోయాలి. రెండు బస్తాలకు మించి నిల్వ పెట్టకపోవడమే మేలు.

తగ్గించకూడనివీ ఉన్నాయి. రోజూ వేసుకునే చెప్పులు, పడుకునే పరుపు, కుక్కర్, పిల్లల పాలు-గుడ్లు, పళ్ల డాక్టరు. పీనాసి వీటిలో కోత వేసి మూడేళ్ల తర్వాత మూడింతలు కడతాడు. పనిమనిషి జీతంలో కోత వేసి దాన్ని నిరాడంబరత అనుకునేవాళ్లూ ఉన్నారు. అది మన ఖర్చు తగ్గించుకోవడం కాదు, ఇంకొకరి తిండిలో చెయ్యి పెట్టడం.

6. నలుగురి కోసం పెట్టేవి

తెలుగింట్లో అసలు కష్టం ఇక్కడే. కాఫీ మానేసి దాచిన పదివేలు ఒక్క ఓణీల ఫంక్షన్‌లో పోతాయి. ‘వాళ్లు మనకు పెట్టారు, మనం పెట్టకపోతే ఏమనుకుంటారు’ అనే మాటకు జవాబు ముందే సిద్ధంగా ఉండాలి.

చదివింపులకు వరుస కట్టండి: తోబుట్టువుల పిల్లలకు ఒక మొత్తం, దగ్గరి చుట్టాలకు 1,116, ఆఫీసు, వీధి పరిచయాలకు 516. ఎవరు పిలిచినా వరుస చూసి అదే ఇవ్వండి. ప్రతిసారీ కొత్తగా ఆలోచిస్తే ప్రతిసారీ పెరుగుతుంది. మీ పెళ్లినాటి చదివింపుల పుస్తకం ఉంటే అది ఆనాటి అంకె అని గుర్తుంచుకుని చూడండి. అదే మొత్తం తిరిగిస్తే తక్కువగా చూశారనుకుంటారు, దానికి పదింతలు ఇవ్వాల్సిన పనీ లేదు.

మీ ఇంట్లోనే పెళ్లి అయితే ఖర్చును నడిపేది తలల లెక్క. విస్తరికి 450 చొప్పున 800 మందికి 3,60,000. 300 మందికి 1,35,000. హాలు, కుర్చీలు, తిరుగు కానుకలు కూడా ఆ లెక్క వెంటే దిగుతాయి. జాబితా తగ్గించడానికి ఒక్క ప్రశ్న చాలు: గత రెండేళ్లలో వీళ్లతో మనం మాట్లాడామా? పూలు, లైటింగ్ దగ్గర బేరాలాడి జాబితాను ముట్టుకోకపోతే ఏమీ మిగలదు.

మాట చెప్పే సమయం ముఖ్యం. ‘మామయ్యా, మేం ఇంతవరకే పెట్టగలం, అప్పు చేయదలుచుకోలేదు’ అని సంబంధం మాట్లాడుకునే రోజుల్లోనే, హాలు అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పాలి. అప్పుడది మీ పద్ధతి అవుతుంది. అదే మాట అడ్వాన్సు ఇచ్చాక అంటే మర్యాద తగ్గించారని గొడవ. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచీ చట్టప్రకారం నేరం. దాని కోసం పొలం అమ్మడం పొదుపు లెక్కలోకి వచ్చే విషయమే కాదు.

ఇంట్లో ఒకరు సాదాగా ఉందామని, ఇంకొకరు వద్దని అనుకుంటే పై పనులేవీ సాగవు. భార్యకూ భర్తకూ చెరో 2,000 అడగకుండా ఖర్చు పెట్టుకునే సొమ్ము అంకెలోనే కలిపి పెట్టండి. దానికి లెక్క అడగకూడదు, చీర కొన్నా సిగరెట్లకు పోసినా. పిల్లలతో ‘మన దగ్గర డబ్బుల్లేవు’ అనకండి. వాళ్లు భయపడతారు, లేదా అబద్ధమని కనిపెడతారు. ‘దీనికి మనం ఖర్చు పెట్టం’ అనండి, ఎందుకో చెప్పండి. పదేళ్లు దాటిన పిల్లలకు కరెంటు బిల్లు చూపిస్తే ఏసీ వాళ్లే ఆపేస్తారు, కనీసం రెండు వారాలు.

7. మిగిలిన డబ్బు

నెలకు 14,000 మిగులుతోంది. ఆపద నిధి నిండాక పీపీఎఫ్ (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా), పోస్టాఫీసు, ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా కొంత వేయడం, ఇలాంటి బోరు కొట్టే చోట్ల వేసి వదిలేయండి. పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు, కాబట్టి త్వరలో కావాల్సిన డబ్బు అందులో వేయవద్దు. నెలకు నూటికి మూడు, నాలుగు గ్యారంటీ అనే మనిషి ఇంటికొస్తే కాఫీ ఇచ్చి పంపండి. అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీలో లక్షల మంది కూలీనాలీ చేసి దాచుకున్నది ఎలా చిక్కుకుపోయిందో చూసిన ప్రాంతం మనది.

ఇక ప్లాటు. మన దగ్గర సంపద వెంట పరుగంటే సగం ప్లాట్ల వెంట పరుగే. లోను పెట్టి 20 లక్షల ప్లాటు కొంటే రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం లెక్కన లక్షన్నర. 10 శాతం వడ్డీకి, అసలు కదలకుండా ఐదేళ్లు వడ్డీ కడితే 10 లక్షలు. అంటే ఐదేళ్లకు 31.5 లక్షలకు అమ్మితే మీకు మిగిలేది సున్నా, ఆ మీద పన్ను. ఈలోగా దాని మీద అద్దె రాదు, హద్దురాళ్లు ఉన్నాయో లేదో చూసుకోవడానికి వెళ్లొచ్చే పెట్రోలు అదనం. సొంతంగా ఇల్లు కట్టుకునే ఉద్దేశం ఉంటే కొనండి. పక్కింటాయన కొన్నాడని అయితే పై లెక్క ఒకసారి మీ అంకెలతో వేయండి.

మిగులు పెరిగే కొద్దీ దానితో వస్తువులు కాకుండా సమయం కొనడం గురించి ఆలోచించండి. ఆఫీసుకు నడిచిపోయే దూరంలో 2,000 ఎక్కువ అద్దె కట్టడం, ఆదివారం ఓవర్‌టైం వద్దనడం, రాత్రి షిఫ్టు మాన్పించే ఉద్యోగానికి కాస్త తక్కువ జీతమైనా మారడం. ఆరు నెలల నిధి, అప్పు లేని ఇల్లు ఉన్నవాడే ఈ మాట మేనేజరుతో అనగలడు.

8. ఉగాదికి సరిచూడడం

అంకెను ఏడాదికి ఒక్కసారే మార్చండి. ఉగాది రోజు పంచాంగంలో రాశికి ఆదాయ వ్యయాలు ఎలాగూ చూస్తారు, అదే పూట ఇంటివీ చూడండి. ధరల కోసం ఐదారు శాతం పెంచవచ్చు. ఫీజు, అద్దె ఎంత పెరిగితే అంత కలపండి.

మధ్యలో ఒక నెల దాటితే కంగారు వద్దు. మూడు నెలలు వరుసగా దాటితే అంకెలో ఏదో వదిలేశారన్నమాట. పద్దు మళ్లీ తీసి అది ఏ ఖర్చో పట్టుకుని కలపండి, తిట్టుకుంటూ కూర్చోకండి. కొత్త ఖర్చు ఏదైనా ఆ కాగితంలోకి రావాలంటే పాతది ఒకటి కొట్టేయాలి. పిల్లలు పుట్టడం, అమ్మానాన్నలు వచ్చి మన దగ్గర ఉండడం లాంటి వాటికి ఈ నియమం వర్తించదు. అప్పుడు కాగితం చింపేసి మొదటి పని నుంచి మళ్లీ మొదలుపెట్టండి.